ఫోన్ వింటోందా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాం

ఇంట్లో ఏదో ఒక వస్తువు గురించి మాట్లాడుకుంటాం. ఎక్కడా వెతకం, ఎవరికీ మెసేజ్ పెట్టం. మర్నాడు ఫోన్ తెరిస్తే సరిగ్గా ఆ వస్తువు యాడ్. ఈ అనుభవం లేనివాళ్ళు నాకు తెలిసినవాళ్ళలో దాదాపు లేరు. చెప్పేవాళ్ళేమీ అమాయకులు కారు. సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాళ్ళు కూడా గొంతు తగ్గించి ఇదే మాట చెబుతారు. కొందరు ఫోన్‌ని పక్క గదిలో పెట్టి వచ్చి మరీ చెబుతారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫోన్ రోజంతా మన మాటలు వింటూ వాటిని బట్టి యాడ్స్ చూపిస్తోందని నేను నమ్మను. నమ్మకపోవడానికి కారణాలున్నాయి, చెబుతాను. అలాగని, నమ్మేవాళ్ళని వెక్కిరించేవాళ్ళ పక్కన కూడా నేను నిలబడను. అనుమానం వచ్చిన మనిషిని "అదంతా మీ భ్రమ" అని పంపించేయడం అన్యాయం. తన ఇంటి విషయం ఎవరికో తెలిసిపోయిందని ఆ మనిషి గమనించాడు. ఆ గమనింపు చాలాసార్లు నిజమే. ఎటువైపు నుంచి తెలిసిందన్నదే సరిగ్గా పట్టుకోలేకపోతున్నాం.

ముందు మైకు సంగతి. 2018లో అమెరికాలోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17,260 ఆండ్రాయిడ్ యాప్‌లని తీసుకుని, అవి ఏ డేటా ఎవరికి పంపుతున్నాయో వరసగా పరీక్షించారు. యాప్ తనంతట తాను మైకు తెరిచి మాటలు బయటికి పంపిన సందర్భం వాళ్ళకి ఒక్కటీ దొరకలేదు. అయితే వెతకనిది ఒకటి దొరికింది. కొన్ని యాప్‌లు స్క్రీన్ మీద కనిపించేదాన్ని ఫోటోలుగా, వీడియోగా తీసి వేరే కంపెనీలకి పంపుతున్నాయి. ఒక యాప్ విషయంలో మనం టైప్ చేస్తున్న వివరాలు కూడా ఆ వీడియోలో కనిపించాయి. ఈ పరిశోధనకి పరిమితులు లేకపోలేదు. యాప్‌లని నడిపింది మనుషులు కాదు, ఒక ప్రోగ్రామ్. అందుకే దీన్ని ఆఖరి తీర్పు అనను. కానీ అన్ని వేల యాప్‌లలో వెతికితే మైకు దొంగ దొరక్కుండా స్క్రీన్ దొంగ దొరికాడన్నది నాకు చాలా ముఖ్యమైన విషయంగా అనిపిస్తుంది.

మరుసటి ఏడాది వాండెరా అనే మొబైల్ సెక్యూరిటీ కంపెనీ ఇంకా సూటిగా పరీక్షించింది. ఒక గదిలో ఒక ఐఫోన్, ఒక శాంసంగ్ ఫోన్ పెట్టి, కుక్కల పిల్లుల తిండికి సంబంధించిన యాడ్స్‌ని అరగంట పాటు ఆపకుండా వినిపించారు. అలాంటివే మరో రెండు ఫోన్లు నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఉంచారు. మూడు రోజులు ఇలాగే చేశారు. తర్వాత చూస్తే పెంపుడు జంతువుల యాడ్స్ రాలేదు. డేటా వాడకంలోనూ, బ్యాటరీ ఖర్చులోనూ రెండు గదులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

దీనికి తోడు చాలామంది చెప్పే లెక్క ఒకటుంది. మాటని బాగా కుదించి సెకనుకి 16 కిలోబిట్ల చొప్పున పంపినా రోజుకి సుమారు 170 మెగాబైట్లు అవుతుంది, నెలకి ఐదు గిగాబైట్లు. అంత డేటా పోతుంటే ఎవరో ఒకరు పట్టుకునేవాళ్ళు కదా అంటారు. నిజాయితీగా చెప్పాలంటే ఈ వాదన ఒకప్పుడున్నంత బలంగా ఇప్పుడు లేదు. ఈ రోజుల్లో ఫోన్లు నెట్ లేకుండానే మాటని అక్షరాల్లోకి మార్చగలవు. రోజంతా మాట్లాడిన మాటలన్నీ అక్షరాలుగా మారిస్తే ఒక ఫోటో అంత కూడా ఉండదు. కాబట్టి డేటా లెక్క ఒక్కదాన్ని పట్టుకుని అసాధ్యం అనేయడం సరికాదు.

నన్ను ఒప్పించింది వేరే సంగతి. మాటని అక్షరాల్లోకి మార్చే పని గంటల తరబడి నడిస్తే ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ కరిగిపోతుంది. "హే సిరి", "ఓకే గూగుల్" లాంటి పిలుపు కోసం ఫోన్ ఎప్పుడూ చెవి ఒగ్గి ఉంటుంది కదా అంటే, ఆ పని చేసేది అతి తక్కువ కరెంటుతో నడిచే చిన్న భాగం. దానికి తెలిసింది ఆ ఒక్క పిలుపే. మిగతా మాటలు దాని మీదుగా వచ్చి చెరిగిపోతుంటాయి. పైగా 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి, 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి, ఏ యాప్ మైకు తెరిచినా స్క్రీన్ పైన నారింజ రంగు చుక్కో, పచ్చ గుర్తో కనిపిస్తుంది. ఒక యాప్ దాన్ని తప్పించుకుని కోట్లాది ఫోన్లలో ఏళ్ళ తరబడి వినాలంటే, ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసిన కంపెనీ కళ్ళూ, సెక్యూరిటీ పరిశోధకుల కళ్ళూ అన్నీ కప్పాలి. ఇలాంటిది బయటపెట్టిన పరిశోధకుడికి జీవితాంతం పేరు నిలిచిపోతుంది. అంత ఆశ ఉన్నా ఇంతవరకూ ఎవరూ రుజువుతో ముందుకు రాలేదు.

ఇక్కడ ఒకరు అడ్డు తగలవచ్చు. ఒక కంపెనీ స్వయంగా ఒప్పుకుంది కదా అని. నిజమే, అది గట్టిగా చర్చించాల్సిన కేసు. 2023 డిసెంబరులో 404 మీడియా అనే వార్తా సంస్థ ఒక సంగతి బయటపెట్టింది. అమెరికాలో టీవీ, రేడియో స్టేషన్లున్న కాక్స్ మీడియా గ్రూప్ "యాక్టివ్ లిజనింగ్" పేరుతో ఒక సేవ అమ్ముతోంది. మీ కస్టమర్లు తమ ఫోన్ల దగ్గర, టీవీల దగ్గర మాట్లాడుకునే మాటల్ని బట్టి వాళ్ళకి యాడ్స్ చూపిస్తామని వ్యాపారులకి చెబుతోంది. సంగతి బయటికి రాగానే ఆ పేజీ మాయమైంది. తాము ఎవరి సంభాషణలూ వినడం లేదని, వేరేవాళ్ళ దగ్గర కొన్న డేటానే వాడుతున్నామని కంపెనీ మాట మార్చింది. 2024లో ఆ సేవని అమ్మడానికి తయారుచేసిన స్లైడ్లు కూడా బయటపడ్డాయి. గూగుల్ ఆ కంపెనీని తన భాగస్వాముల జాబితా నుంచి తీసేసింది.

ఆ స్లైడ్ల గురించి చదివాక నాకు తోచింది ఇది. అక్కడ గొప్పలున్నాయి. ఏ ఫోన్లో ఏ యాప్ ఎలా వింటుందో చూపించే ఆధారం మాత్రం ఏదీ బయటికి రాలేదు. ఫోన్ వింటుందని జనం ఎలాగూ నమ్ముతున్నారు, యాడ్స్ కొనే వ్యాపారి కూడా ఆ జనంలో ఒకడే. ఆ నమ్మకాన్నే వాడికి సరుకుగా అమ్మారని నేననుకుంటున్నాను. అయినా ఆ కంపెనీ మీద నాకు కోపం తగ్గదు. మనుషుల ఇళ్ళలో మాటలు వింటాం అని చెప్పుకోవడం సిగ్గుపడాల్సిన విషయంగా కాకుండా సేల్స్ పాయింట్‌గా తోచిందంటే, ఆ వ్యాపారంలో మర్యాద హద్దులు ఎక్కడున్నాయో అర్థమవుతుంది.

పోనీ మైకుని యాడ్స్ కోసం ఎవరూ ఎప్పుడూ వాడలేదా అంటే, వాడారు. ఈ ముక్కని దాటేసి "అంతా అపోహ" అనేవాళ్ళతోనే నా పేచీ. 2016 మార్చిలో అమెరికాలో వినియోగదారుల హక్కులు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పన్నెండు మంది యాప్ తయారీదారులకి హెచ్చరిక లేఖలు రాసింది. వాళ్ళ యాప్‌లలో సిల్వర్‌పుష్ అనే కంపెనీ కోడ్ ఉంది. టీవీ యాడ్స్‌లో మన చెవికి వినపడని శబ్దాన్ని దాచిపెడితే, పక్కనున్న ఫోన్ దాన్ని పట్టుకుని ఈ ఇంట్లో ఏ టీవీ యాడ్ నడిచిందో గుర్తించడం ఆ కోడ్ పని. 2017 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ అల్ఫాన్సో అనే మరో కంపెనీ గురించి రాసింది. సుమారు 250 గేమ్‌లలో దాని కోడ్ ఉంది, అందులో కొన్ని పిల్లలు ఆడుకునేవి. గేమ్ ఆడనప్పుడు కూడా ఫోన్ మైకుతో టీవీ శబ్దం విని, ఏ యాడ్ నడుస్తోందో గుర్తించే వీలు అందులో ఉంది. 2019లో స్పెయిన్ డేటా రక్షణ సంస్థ అక్కడి ఫుట్‌బాల్ లీగ్ లా లీగాకి రెండున్నర లక్షల యూరోల జరిమానా వేసింది. యాడ్స్ కోసం కాదు గానీ, పైసా కట్టకుండా మ్యాచ్‌లు వేస్తున్న బార్లని పట్టుకోవడానికి వాళ్ళు అభిమానుల ఫోన్లలోని యాప్ ద్వారా మైకు వాడారు.

ఈ మూడింటిలోనూ ఫోన్ విన్నది మన మాటల అర్థాన్ని కాదు. టీవీ శబ్దంలోని గుర్తుని. అయినా సరే, మైకు తెరుచుకుంది. మనం "అనుమతించు" అని నొక్కాం కాబట్టే తెరుచుకుంది. ఒక ఆటకి మైకు ఎందుకని అడగడానికి మనకి తోచలేదు. అక్కడెక్కడో పొడుగాటి పాలసీలో ఒక వాక్యం ఉంది, దాన్ని చదివినట్టు లెక్క.

స్మార్ట్ స్పీకర్ల దగ్గరికి వచ్చేసరికి కథ ఇంకా చిక్కగా ఉంటుంది. ఇవి వినడానికే పుట్టాయి. పిలుపు వినబడితేనే రికార్డు చేయాలి. కానీ పిలుపు కాని మాటని పిలుపనుకుని లేస్తాయి. నార్త్ఈస్టర్న్ పరిశోధకులే తర్వాత ఈ స్పీకర్ల ముందు టీవీ సీరియళ్ళు గంటల తరబడి నడిపి చూశారు. ఎవరూ పిలవకుండానే అవి లేచి రికార్డు చేయడం మొదలుపెట్టిన సందర్భాలు బోలెడు దొరికాయి. అలా పొరపాటున రికార్డయిన మాటలు ఏమవుతాయో 2019లో ప్రపంచానికి తెలిసింది. అమెజాన్ కోసం వేలమంది అలెక్సా రికార్డింగులు వింటున్నారని ఏప్రిల్‌లో బ్లూమ్‌బెర్గ్ రాసింది. జులైలో బెల్జియం వార్తా సంస్థ వీఆర్‌టీ చేతికి గూగుల్ అసిస్టెంట్ రికార్డింగులు వెయ్యికి పైగా చిక్కాయి. అందులో 153 అసలు రికార్డు కాకూడనివి, ఎవరూ పిలవలేదు. పడకగది మాటలు, పిల్లలతో మాటలు, ఆఫీసు ఫోన్లు. అదే నెలలో సిరి రికార్డింగులు వింటున్న కాంట్రాక్టు ఉద్యోగి చెప్పిన సంగతులు గార్డియన్‌లో వచ్చాయి. ఆపిల్ ఆగస్టులో క్షమాపణ చెప్పింది. 2024 డిసెంబరు ఆఖరున అదే వ్యవహారం మీద నడిచిన కేసుని 9.5 కోట్ల డాలర్లకి రాజీ చేసుకుంది.

ఆ రాజీ వార్త రాగానే "చూశారా, ఆపిల్ ఒప్పుకుంది, యాడ్స్ కోసం విన్నదట" అని ఎందరో నాకు పంపారు. కేసు వేసినవాళ్ళలో కొందరు తాము మాట్లాడుకున్న వస్తువుల యాడ్స్ కనిపించాయని ఆరోపించిన మాట నిజం. ఆపిల్ మాత్రం తప్పు ఒప్పుకోలేదు. సిరి మాటల్ని యాడ్స్‌కి ఎప్పుడూ వాడలేదని చెప్పింది. కోర్టు ఆ సంగతి తేల్చలేదు, డబ్బు కట్టి బయటపడ్డారు. కాబట్టి దీన్ని రుజువుగా చూపించడం తప్పు. కానీ ముక్కూ మొహం తెలియని ఉద్యోగి ఒకరు మన ఇంటి మాటలు విన్నది మాత్రం ఆరోపణ కాదు, జరిగిన విషయం. యాడ్ వచ్చిందా లేదా అన్న చర్చలో పడి, ఒక మనిషి మన మాటలు విన్నాడన్న అంతకంటే పెద్ద విషయాన్ని పక్కన పెట్టేస్తున్నాం.

అన్నట్టు, స్పీకర్‌ని పిలిచి మాట్లాడిన మాటలు యాడ్స్‌కి పనికొస్తాయి. ఇందులో రహస్యమేమీ లేదు. 2022లో అమెరికాలోని కొన్ని యూనివర్సిటీల పరిశోధకులు రకరకాల అభిరుచులున్న నకిలీ వినియోగదారుల్ని సృష్టించి, అలెక్సాతో మాట్లాడించి, తర్వాత వెబ్‌లో వాళ్ళకి యాడ్ చూపించే అవకాశం కోసం కంపెనీలు ఎంత వేలం పాడుతున్నాయో చూశారు. కొన్నిచోట్ల ఆ వేలం ధర ఏ అభిరుచీ చూపించని ఖాతాతో పోలిస్తే ముప్ఫై రెట్ల దాకా పోయింది. గొంతు రికార్డింగు కాదు, మనం ఏం అడిగామన్న సమాచారం. 2023లో పిల్లల గొంతు రికార్డింగుల్ని తల్లిదండ్రులు తీసేయమన్నా పూర్తిగా తీసేయలేదన్న ఫిర్యాదు మీద అమెజాన్ 2.5 కోట్ల డాలర్ల జరిమానాకి ఒప్పుకుంది. 2025 మార్చి 28 నుంచైతే, కొన్ని అమెజాన్ ఎకో స్పీకర్లలో రికార్డింగుని బయటికి పంపకుండా ఇంట్లోనే తేల్చుకునే సదుపాయం ఉండేది, అది కూడా ఎత్తేశారు.

ఇక టీవీ. నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించేది ఇదే, జనం అన్నిటికంటే తక్కువ అనుమానించేది కూడా ఇదే. ఫోన్‌ని అనుమానంగా చూసే మనిషి ఆ ఫోన్‌ని టీవీ ముందున్న బల్ల మీదే పెడతాడు. స్మార్ట్ టీవీల్లో ఏసీఆర్ అనే ఏర్పాటు ఉంటుంది. తెర మీద కనిపించే దృశ్యాన్ని, వినిపించే శబ్దాన్ని క్షణక్షణం గుర్తులుగా మార్చి కంపెనీ సర్వర్‌కి పంపుతుంది. అక్కడ పెద్ద జాబితాతో పోల్చి మీరేం చూస్తున్నారో తేలుస్తారు. 2017లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విజియో కంపెనీని పట్టుకుంది. కోటి పది లక్షల టీవీల నుంచి, సరిగా చెప్పకుండా, అనుమతి తీసుకోకుండా సెకను సెకనుకీ సమాచారం లాగి, దానికి వయసు, ఆడో మగో, ఆదాయం లాంటి వివరాలు జతచేసి అమ్మింది. 22 లక్షల డాలర్లు కట్టి బయటపడింది. ఆ తర్వాత ఈ వ్యాపారం తగ్గిందా? 2021లో అదే కంపెనీ ప్రకటించిన లెక్కల్లో, ఒక త్రైమాసికంలో యాడ్స్, డేటా విభాగం మీద వచ్చిన స్థూల లాభం టీవీలు అమ్మితే వచ్చినదానికి రెండింతలకి పైగా ఉంది. ఈ లెక్క చూశాక, టీవీ కొనేవాడు కస్టమర్ ఎలా అవుతాడో నాకు అర్థం కాలేదు.

2024లో లండన్, మాడ్రిడ్, కాలిఫోర్నియా యూనివర్సిటీల పరిశోధకులు శాంసంగ్, ఎల్జీ టీవీల నుంచి వెళ్ళే డేటాని పరీక్షించారు. టీవీని వట్టి తెరగా వాడినప్పుడు, అంటే కేబుల్‌తో లాప్‌టాప్‌నో గేమ్ పెట్టెనో తగిలించి చూసినప్పుడు కూడా ఏసీఆర్ పని చేస్తూనే ఉంది. మీ లాప్‌టాప్‌లోని సొంత ఫోటోలు టీవీలో పెట్టి చూసుకుంటే, వాటి గుర్తులు కూడా తీసుకునే వీలుందన్నమాట. దొరికిన మంచి మాట ఒకటే: సెట్టింగుల్లోకి వెళ్ళి ఆపేస్తే నిజంగానే ఆగింది. కానీ ఆ సెట్టింగు ఏ మెనూ అడుగున ఉందో, దాన్ని ఏ ముద్దు పేరుతో పిలుస్తున్నారో వెతికి పట్టుకోవడం ఒక పని.

మాట్లాడుకున్న వస్తువు యాడ్ ఎలా వచ్చిందన్న అసలు ప్రశ్నకి వస్తాను. ఒక ఉదాహరణ చెబుతాను, మా ఇంట్లోదే. మా అన్నయ్య మా ఇంటికి వచ్చి, మోకాలి నొప్పి గురించి, డాక్టరు పెట్టుకోమన్న పట్టీ గురించి చెప్పాడు. నేను దాని గురించి ఎక్కడా వెతకలేదు. రెండో రోజు నా ఫోన్‌లో వరసగా మోకాలి పట్టీల యాడ్స్. మా ఆవిడ ఫోన్‌లో కూడా. ఆవిడ వెంటనే, "చూశారా, నేను చెప్తే నమ్మరు" అంది. అన్నయ్యకి ఫోన్ చేసి, "దాని గురించి నువ్వేమైనా వెతికావా?" అని అడిగాను. "మీ ఇంట్లో ఉన్న రాత్రంతా అదే పని కదరా, నిద్ర పట్టక" అన్నాడు.

అన్నయ్య ఫోన్ ఆ రాత్రి మా వైఫైలో ఉంది. బయటి నుంచి చూస్తే ఆ ఇంట్లో ఉన్న ఫోన్లు, టీవీ, లాప్‌టాప్ అన్నిటికీ ఒకటే ఐపీ చిరునామా, అంటే ఇంటర్నెట్‌లో ఆ ఇంటి అడ్రసు లాంటిది. యాడ్ కంపెనీలు ఈ చిరునామానే పట్టుకుని ఈ పరికరాలన్నీ ఒక కుటుంబానివని ముడి వేస్తాయి. ఒకరు వెతికితే యాడ్ అందరికీ చూపించడం వాళ్ళకి లాభం, ఎందుకంటే ఇంట్లో ఎవరు కొంటారో తెలియదు. వైఫై ఒకటే కాకపోయినా, రెండు ఫోన్లు ఒకే చోట గంటలు గడిపాయని లొకేషన్ డేటా చెబుతుంది. అన్నయ్య తన ఫోన్ కాంటాక్టుల్ని ఏదో యాప్‌కి ఇచ్చి ఉంటే, మేమిద్దరం ఏమవుతామో కూడా వాళ్ళు ఊహించగలరు. ఇందులో ఏ దారిన ఆ యాడ్ నాకు చేరిందో నేను రుజువు చేయలేను. చెప్పగలిగింది ఒకటే, దానికి మైకు అక్కర్లేదు.

ఈ సమాచారం ఎంతమంది చేతుల్లో ఉంటుందో ఒక లెక్క ఉంది. 2024 జనవరిలో కన్స్యూమర్ రిపోర్ట్స్, మార్కప్ సంస్థలు 709 మంది వాలంటీర్ల ఫేస్‌బుక్ డేటా తీసి చూశాయి. వాళ్ళ గురించి ఫేస్‌బుక్‌కి సమాచారం పంపిన కంపెనీలు మొత్తం 1,86,892. సగటున ఒక్కొక్కరి గురించి 2,230 కంపెనీలు. మీరు ఏదో వెబ్‌సైట్‌లో ఒక వస్తువు చూశారు, ఏదో షాపులో బిల్లు కోసం ఫోన్ నంబరు చెప్పారు, ఏదో యాప్‌లో ఒక బటన్ నొక్కారు. ఆ సంగతి అటు చేరుతుంది. కంపెనీ తన కస్టమర్ల ఫోన్ నంబర్ల జాబితా ఇచ్చి "వీళ్ళకి చూపించండి" అనొచ్చు, "వీళ్ళలాంటి వాళ్ళని వెతికి చూపించండి" అని కూడా అనొచ్చు. ఆ "లాంటి వాళ్ళు" అన్న మాట దగ్గరే మనం చాలాసార్లు ఉలిక్కిపడతాం. మన వయసు, మన ఆదాయం, మన పిల్లల వయసు ఉన్న లక్షలమంది ఈ నెల ఏం కొంటున్నారో వాళ్ళకి తెలుసు. మనం వేరు అనుకుంటాం. అంత వేరుగా లేం.

వరస తారుమారయ్యే అవకాశం కూడా ఉంది. ఒక యాడ్ మన కళ్ళ ముందు నుంచి వేలితో తోసేస్తే వెళ్ళిపోతుంది, చూసినట్టు గుర్తుండదు. మర్నాడు ఆ వస్తువు గురించి మనమే మాట ఎత్తుతాం, ఎందుకు ఎత్తామో తెలియదు. ఆ తర్వాత అదే యాడ్ కనిపిస్తే గుండె గుభేలుమంటుంది. ఇక మాట్లాడుకున్నా యాడ్ రాని వంద సంగతులని ఎవరూ లెక్క పెట్టరు. ఇది అందరికీ తెలిసిందే, పొడిగించను.

మరి మైకు కథ తప్పయితే తప్పయింది, దానివల్ల నష్టమేంటి అని అడుగుతారు. నష్టం ఉంది. 2018 ఏప్రిల్‌లో అమెరికా సెనేట్ విచారణలో సెనేటర్ గ్యారీ పీటర్స్ ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్‌ని అవునో కాదో చెప్పమని అడిగాడు: ఫోన్ మైకు నుంచి వచ్చే శబ్దాన్ని ఫేస్‌బుక్ వాడుతుందా? కాదు అని చెప్పాడు జుకర్‌బర్గ్, అది జనంలో తిరిగే కుట్ర కథ అని కూడా అన్నాడు. ఆ జవాబు అబద్ధమని చూపించే ఆధారం ఈ రోజుకీ లేదు. మనం పదే పదే అడిగే ప్రశ్నకి వాళ్ళ దగ్గర తడుముకోకుండా చెప్పగలిగే జవాబు ఉంది. అడిగినవాడు అమాయకుడిలా మిగిలిపోతాడు, చెప్పినవాడు నిజాయితీపరుడిలా కనిపిస్తాడు. అదే "నా అన్నయ్య వెతికిన వైద్యం సంగతి నాకు ఎందుకు తెలియజేశారు, దానికి ఎవరి అనుమతి తీసుకున్నారు" అని అడిగి ఉంటే ఒక్క ముక్కలో జవాబు ఉండదు.

ఆ అనుమతి దగ్గరే నా అసలు గొడవ. మోకాలి పట్టీ చిన్న విషయం, పోనివ్వండి. ఇంట్లో ఒకరు గర్భం గురించి వెతికారనుకోండి, ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఒకరు విడాకుల లాయరు కోసం వెతికారు, ఒకరు మానసిక వైద్యుడి కోసం. ఆ ఇంట్లోనే ఉన్న మరొకరి ఫోన్‌లో, అందరూ కూర్చునే గదిలోని టీవీలో ఆ యాడ్ వచ్చిందంటే, కంపెనీ ఎవరి మాటా వినకుండానే ఆ మనిషి రహస్యం ఇంట్లోవాళ్ళకి చెప్పేసినట్టే. "అంగీకరిస్తున్నాను" అన్న బటన్ ఒక్కో మనిషిని విడివిడిగా అడుగుతుంది. నేను ఒప్పుకోకపోయినా మా అన్నయ్య ఒప్పుకుంటే చాలు, నా గురించి తెలిసిపోతుంది. టీవీ కొన్నప్పుడు ఎవరో ఒకరు రిమోట్‌తో ఓకే నొక్కుతారు. ఆ తర్వాత ఆ ఇంటికి వచ్చి ఆ తెర ముందు కూర్చున్న ప్రతి మనిషీ ఒప్పుకున్నట్టే లెక్క వేస్తున్నారు. ఈ ఏర్పాటుని అనుమతి అనడానికి నేను సిద్ధంగా లేను.

కోర్టులు ఇటువైపు చూడటం మొదలుపెట్టాయని చెప్పే కేసు ఒకటుంది. ఫ్లో అనేది ఆడవాళ్ళు నెలసరి వివరాలు రాసుకునే యాప్. అందులో ఫేస్‌బుక్ కోడ్ ఉంది. నెలసరి ఎప్పుడు వచ్చింది, గర్భం కావాలనుకుంటున్నారా లాంటి ప్రశ్నలకి ఆడవాళ్ళు నొక్కిన జవాబుల సమాచారం ఆ కోడ్ ద్వారా ఫేస్‌బుక్‌కి చేరింది. దీనిమీద వేసిన కేసులో మిగతా కంపెనీలు రాజీ పడ్డాయి, ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా ఒక్కటే చివరిదాకా నిలబడింది. 2025 ఆగస్టులో శాన్ ఫ్రాన్సిస్కో జ్యూరీ మెటాకి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. మెటా ఆ తీర్పుని ఒప్పుకోలేదు, కానీ ఏ చట్టం కింద దోషి అన్నారో చూడండి. కాలిఫోర్నియాలో ఫోన్ సంభాషణల్ని చాటుగా వినేవాళ్ళని ఆపడానికి 1967లో చేసిన చట్టం అది. ఒక మైకు కూడా తెరవకుండా, ఒక మాట కూడా వినకుండా, కేవలం వేలితో నొక్కిన జవాబుల్ని అందుకున్నందుకు, ఒక కంపెనీ చాటుగా విన్నదని జ్యూరీ తేల్చింది. ఆ యాప్ వాడినవాళ్ళకి కలిగిన భయం సరైనదేనని ఒక కోర్టు గదిలో మామూలు మనుషులు చెప్పారు.

నేను చేసుకున్న ఏర్పాట్లు పెద్దవేం కాదు. టీవీలో ఏసీఆర్ ఆపాను. స్పీకర్‌కి మైకు ఆపే బటన్ ఉంటుంది, అవసరం లేనప్పుడు అది నొక్కి ఉంచుతాను. ఫోన్‌లో మైకు పర్మిషన్ ఏ యాప్‌లకి ఉందో చూసి, ఎందుకో తెలియనివన్నీ తీసేశాను. యాడ్స్ కోసం ఫోన్‌కి ఉండే ఐడీని ఆండ్రాయిడ్‌లో తొలగించవచ్చు, ఐఫోన్‌లో ట్రాకింగ్‌కి ఒప్పుకోవద్దు. కాంటాక్టులు, లొకేషన్ అడిగే యాప్‌లకి అసలు ఇవ్వకూడదు, ఎందుకంటే అక్కడ ఇచ్చేది మన ఒక్కరి సంగతి కాదు. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లు కూడా ఒకసారి తీసుకుని ఇవన్నీ చేసి పెట్టండి. వాళ్ళు అడగరు, అయినా చేయండి.

కానీ ఇదంతా ఒక్కో ఇంట్లో ఒక్కో మనిషి రాత్రిపూట కూర్చుని చేసుకోవాల్సిన పనిగా మిగిలినంతకాలం ఒరిగేది తక్కువ. టీవీ పెట్టె విప్పేసరికే ఏసీఆర్ ఆపి ఉండాలి, కావాలనుకున్నవాళ్ళు వెతుక్కుని తెరుచుకోవాలి. ఆరోగ్యం, గర్భం, అప్పు, విడాకులు లాంటి విషయాల్లో ఒక మనిషి వెతికినదాన్ని అదే ఇంట్లోని మరో మనిషికి యాడ్‌గా చూపించడాన్ని చట్టం పూర్తిగా నిషేధించాలి, అనుమతి ఉందా లేదా అన్న ప్రశ్నే రాకూడదు. ప్రతి యాడ్ పక్కనా ఇది నాకు ఎందుకు చూపించారు అని నొక్కితే "మీ ఆసక్తుల ఆధారంగా" అన్న జవాబు కాదు, ఆ సమాచారం ఎవరి పరికరం నుంచి, ఏ కంపెనీ ద్వారా, ఏ రోజున వచ్చిందో రాసి ఉండాలి. ఇలాంటి వివరాలు చాలావరకు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. వేలం పాడేవాళ్ళకి మన గురించిన సమాచారం రెప్పపాటులో అందిస్తూనే ఉన్నారు.